సీసా మీద రాయని సంగతి



పత్తి వేసే ఊళ్లలో విత్తనం పెట్టిన మూడు వారాలకు ఒక పని మొదలయ్యేది. మోనోక్రోటోఫాస్ ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు కలిపి, బ్రష్‌తో లేత కాండానికి పూసేవాళ్లు. బొట్టు పెట్టడం అనేవాళ్లు దీన్ని. 20 రోజులకు ఒకసారి, 40 రోజులకు ఒకసారి, 60 రోజులకు మరోసారి. పచ్చదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులు చచ్చేవి. పంపుతో చేనంతా కొట్టినట్టు మందు గాలిలో కలవదు, మిత్రపురుగులు బతుకుతాయి, ఖర్చు కలిసొస్తుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలే నేర్పిన పద్ధతి. చేనుకు సంబంధించినంత వరకు తెలివైన పద్ధతే.

ఇక ఆ బొట్టు పెట్టే మనిషి సంగతి చూద్దాం. ఎడమచేతిలో మందు డబ్బా, కుడిచేతిలో బ్రష్. పొద్దున్నుంచీ నడుం వంచి సాలు వెంట సాలు. చేతికి గ్లౌజు ఉండదు. మొహాన చెమట పడితే ఆ మోచేత్తోనే తుడుచుకోవాలి. మధ్యాహ్నం బోరు దగ్గర చేతులు కడుక్కుని, చెట్టు కింద సద్ది విప్పుకుంటారు. సబ్బు సంగతి ఎవరూ అడగరు. ఆ ముద్దతో పాటు ఎంతో కొంత మందు లోపలికి పోతుంది. తల తిరగదు, వాంతి కాదు, కళ్లు మసకబారవు. అంటే ఏమీ కాలేదన్నమాటే అనుకుంటాం మనం. డాక్టర్లూ అదే అనుకున్నారు. మందుకు అనుమతిచ్చిన నిపుణులూ అదే అనుకున్నారు.

ఈ అనుకోవడం గురించే ఈవేళ నాలుగు మాటలు చెబుతాను. మధ్యలో పేగుల గురించి, మలం గురించి కూడా మాట్లాడక తప్పదు. భోజనానికి కూర్చున్నవాళ్లుంటే మన్నించాలి.

పురుగుమందు ఎంత విషమో తేల్చే లెక్క పాతది. 1927లో ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక కొలత పెట్టాడు. ఎంత మోతాదు ఇస్తే ఎలుకల్లో సగం చస్తాయి? ఆ అంకెను బట్టే ఇవాళ్టికీ మన దేశంలో సీసా మీద త్రికోణం రంగు మారుతుంది. మహావిషమైతే ఎరుపు, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్ ఎరుపు. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఈ మందు కలిసిన వంట వల్లనే.

ఇది ఆర్గానోఫాస్ఫేట్ల కుటుంబంలోది. ఈ కుటుంబం పుట్టుక కూడా మంచి చోట కాదు. 1930ల్లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగుల మందు కోసం వెతుకుతుంటే టాబున్ అనే నరాల విషం బయటపడింది. సైన్యం దాన్ని తీసుకుంది. పద్ధతి మాత్రం పురుగుకైనా మనిషికైనా ఒక్కటే. నరం నుంచి కండరానికి సంకేతం మోసే అసిటైల్‌కోలిన్ అనే పదార్థం పని అయిపోగానే విరిగిపోవాలి. విరగ్గొట్టేది అసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైము. ఈ మందు ఆ ఎంజైమును పట్టేస్తుంది. సంకేతం ఆగదు. నోట్లో నురగ, కండరాల అదురు, చివరికి ఊపిరి అందదు. మందు తాగినవాళ్లని ఆసుపత్రికి తెస్తే అట్రోపిన్ ఎక్కించేది ఇందుకే. మందు కొట్టేవాళ్ల రక్తంలో ఆ ఎంజైము స్థాయి చూస్తారు. అది సరిగా ఉంటే మనిషి బాగున్నట్టే లెక్క.

ఆ లెక్కలో మన నరాలున్నాయి, కాలేయం ఉంది, మూత్రపిండాలున్నాయి. పేగుల్లో ఉన్న బాక్టీరియా లేదు. ఇంటి యజమానిని రాసుకుని, అద్దెకున్న పది కుటుంబాలనూ వదిలేసిన జనాభా లెక్క అది.

ఈ అద్దెవాళ్లు ఎంతమంది అంటే, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన రాన్ మిలో బృందం 2016లో వేసిన లెక్క ప్రకారం సగటు మగమనిషి ఒంట్లో సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. మన కణాలకు పది రెట్లు బాక్టీరియా ఉంటుందని పాత పుస్తకాల్లో రాసేవాళ్లు. అది చేతికొచ్చిన అంకె, వదిలేయొచ్చు. ఈ మొత్తం బరువు దాదాపు 200 గ్రాములు. అందులో ఎక్కువ భాగం కాపురం పెద్దపేగులోనే.

అవి చేసే పని తక్కువేం కాదు. జొన్నరొట్టెలోనో, చిక్కుడుకాయలోనో, గోంగూరలోనో ఉన్న పీచును మనం అరిగించుకోలేం. ఆ విద్య మన జన్యువుల్లో లేదు. బాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న ఆమ్లాలుగా మారుస్తుంది. పెద్దపేగు గోడలోని కణాలకు ప్రధానమైన తిండి ఆ బ్యుటిరేటే. అంటే మనం తిన్నదాన్ని అవి తిని, అవి వదిలిందాన్ని మన పేగు తింటుంది. రోగనిరోధక వ్యవస్థకు ఎవరు సొంతవాళ్లో ఎవరు పరాయివాళ్లో తెలియజెప్పే చదువు కూడా చాలామటుకు అక్కడే జరుగుతుంది.

ఇంకో గుణం ఉంది, మన కథకు అదే ముఖ్యం. వాటి దగ్గర మన దగ్గర లేని ఎంజైములు వేలకు వేలు ఉన్నాయి. ఏ కొత్త రసాయనం వచ్చినా వాటిలో ఏదో ఒకటి దాన్ని విరగ్గొట్టి చూస్తుంది, తిండిగా పనికొస్తుందేమోనని. పొలంలో కొట్టిన ఆర్గానోఫాస్ఫేట్ కొన్నాళ్లకు మట్టిలో కరిగిపోతోందంటే అది మట్టిలోని బాక్టీరియా చలవే. అదే పని పేగులోనూ జరిగితే ఏమవుతుంది?

మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో సుబ్బయ్య రామసామి, గణేశన్ వేల్మురుగన్, వాళ్ల సహచరులు ఈ ప్రశ్నే వేశారు. పల్లెటూరివాళ్లకి షుగర్ ఎందుకు పెరుగుతోందన్నది వాళ్ల మొదటి చింత. పట్నంలో కుర్చీలో కూర్చునేవాళ్లకి వస్తే కారణం చెప్పడం తేలిక. ఎండలో పనిచేసే, ఒంట్లో కొవ్వు లేని కూలిమనిషికి ఎందుకొస్తోంది? వ్యవసాయం చేసే పల్లెల్లో 3,080 మందిని పరీక్షించారు. పురుగుమందులు నేరుగా తగిలేవాళ్లలో మధుమేహం ఎక్కువగా కనబడింది. రక్తంలో ఆర్గానోఫాస్ఫేట్ శేషాలు ఎంత ఎక్కువుంటే, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అంత ఎక్కువ. ఇక్కడే అసలు విషయం ఉంది. షుగర్‌కీ ఆ నరాల ఎంజైముకీ మాత్రం సంబంధం కనబడలేదు. డాక్టరు చూసే పరీక్షలో అంతా సవ్యం. దెబ్బ పడుతున్నది ఆ పరీక్ష చూడని చోట.

సర్వేతో సరిపెట్టుకుంటే అది అనుమానంగానే మిగిలేది. మందు తగిలేవాళ్లు పేదవాళ్లు, వాళ్ల తిండి వేరు, పని వేరు, అప్పులు వేరు. షుగర్ ఎందువల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? అందుకని వాళ్లు చిట్టెలుకలకి 180 రోజులు మోనోక్రోటోఫాస్ ఇచ్చారు. ఒక్కసారి చంపేసే మోతాదు కాదది, రోజూ కొంచెం కొంచెం. ఎలుకల నరాల ఎంజైములో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. గ్లూకోజును తట్టుకునే శక్తి మాత్రం తగ్గింది. ఆ తర్వాత చేసింది చూడండి. మందు తిన్న ఎలుకల పేగుల్లోని మలం తీసి, మందు ఎరగని ఎలుకల పేగుల్లోకి ఎక్కించారు. వాటికీ గ్లూకోజు తట్టుకునే శక్తి పడిపోయింది. ఒక ఎలుక జబ్బు ఇంకో ఎలుకకి మలంలో ప్రయాణం చేసింది. అంటే ఆ పని చేసినవాళ్లు పేగుల్లో ఉన్నారన్నమాట.

ఎలా చేశారో కూడా పట్టుకున్నారు. బాక్టీరియా ఎస్టరేజ్ ఎంజైములతో మందును విరగ్గొడుతోంది. ముక్కల్లోంచి ఎసిటిక్ ఆమ్లం లాంటివి పుడుతున్నాయి. ఆ ఎసిటేట్ ముడిసరుకుగా శరీరం కొత్త గ్లూకోజు తయారుచేస్తోంది. తిన్న అన్నంలోంచి వచ్చే గ్లూకోజు ఎటూ ఉంది. ఇది దానిమీద అదనం. మనుషుల్లోకి తిరిగొచ్చి చూస్తే, మధుమేహం ఉన్నవాళ్ల మలంలో ఎస్టరేజ్ చురుకుదనం, ఎసిటేట్ మోతాదు, రక్తంలో మందు శేషాలు, మూడూ కలిసి పెరుగుతున్నాయి. 2017లో జీనోమ్ బయాలజీ పత్రికలో ఇది అచ్చయింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, వచ్చితీరాలి. పీచు తిన్నప్పుడు కూడా ఎసిటేటే పుడుతుందని ఇందాక నేనే చెప్పాను కదా! మరి పీచు మంచిదెలా అయింది, ఇది చెడ్డదెలా అయింది? పీచుతో పాటు బ్యుటిరేట్, ప్రొపియొనేట్ కూడా వస్తాయి, అవి షుగర్‌ని అదుపులో పెట్టే వైపు లాగుతాయి. పీచు అరిగేది పెద్దపేగులో, నెమ్మదిగా. ఒకే ఆమ్లం ఎక్కడ పుట్టింది, ఎంత పుట్టింది, ఎవరితో కలిసి పుట్టింది అన్నదాన్ని బట్టి గుణం మారుతుంది. చిట్టెలుక మనిషి కాదు కాబట్టి మదురై ఫలితాన్ని తుది తీర్పుగా తీసుకోనక్కర్లేదు. కానీ గట్టి సాక్ష్యంగా తీసుకోవాలి. మన పక్క రాష్ట్రంలో, మనలాంటి పల్లెల్లో, మనం కొట్టే మందుల మీదే వచ్చిన సాక్ష్యం అది. గుంటూరు మిరప చేలకీ వరంగల్ పత్తి చేలకీ మదురై ఏమంత దూరం?

పెద్ద ప్రమాదం లేదనుకున్న రసాయనాన్ని బాక్టీరియా విషంగా మార్చిన కథ ఇంతకంటే భయంకరమైనది చైనాలో జరిగింది. 2008లో అక్కడ పాలపొడిలో మెలమిన్ కలిపారు. మెలమిన్‌లో నత్రజని ఎక్కువ. పాలలో మాంసకృత్తులు ఎంతున్నాయో నత్రజనిని బట్టి కొలిచేవాళ్లు కాబట్టి నీళ్ల పాలు చిక్కటి పాలుగా లెక్కకొచ్చాయి. సుమారు 3 లక్షల మంది పసివాళ్లు జబ్బుపడ్డారు. ఆరుగురు చనిపోయారు. మూత్రపిండాల్లో రాళ్లు. అయితే మెలమిన్ ఒక్కటే అయితే అంత విషం కాదు. సయనూరిక్ ఆమ్లంతో కలిస్తేనే గట్టి రాయి కడుతుంది. ఆ ఆమ్లం ఎక్కడిది? 2013లో షాంఘై శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధనలో సమాధానం దొరికింది. పేగుల్లోని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా మెలమిన్‌ని సయనూరిక్ ఆమ్లంగా మారుస్తోంది. యాంటీబయోటిక్ ఇచ్చి ఎలుకల పేగులు ఖాళీ చేస్తే మూత్రపిండాల దెబ్బ తగ్గింది. ఒకే పాలపొడి తాగిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి రాళ్లు వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇదంతా వింటే బాక్టీరియా మీద కోపం రావచ్చు. కానీ ఇదే బాక్టీరియా కాపలా కాసిన సందర్భాలూ ఉన్నాయి. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ బోరునీళ్లలో ఆర్సెనిక్ ఎంత నాశనం చేసిందో తెలిసిందే. అమెరికాలోని మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2018లో ఒక ప్రయోగం చేశారు. ఆర్సెనిక్ ఇచ్చిన చిట్టెలుకల్లో, పేగు బాక్టీరియా లేనివి త్వరగా చచ్చాయి, ఉన్నవి ఎక్కువకాలం బతికాయి. అసలు బాక్టీరియాయే లేకుండా పెంచిన ఎలుకలకి మనుషుల మలంలోని బాక్టీరియా ఎక్కిస్తే వాటికీ రక్షణ వచ్చింది. రక్షణ ఇచ్చినవాటిలో ఫీకలిబాక్టీరియం అనే రకం ముఖ్యమైనది. పీచు తిని బ్యుటిరేట్ ఇచ్చేది కూడా అదే. పాదరసం విషయంలోనూ ఇలాంటిదే. చేపల ద్వారా ఒంట్లోకి చేరే మిథైల్ పాదరసాన్ని పేగు బాక్టీరియా కొంత విరగ్గొట్టి బయటికి పంపుతుంది. యాంటీబయోటిక్ వాడిన ఎలుకల్లో పాదరసం ఎక్కువకాలం నిలిచిపోయింది.

కాబట్టి అవి మంచివా చెడ్డవా అని అడగడంలో అర్థం లేదు. అవి ఉన్నాయి, పనిచేస్తున్నాయి. మనం ఏం పంపిస్తే దానిమీద పనిచేస్తాయి.

ఇప్పటిదాకా బాక్టీరియా రసాయనాన్ని మార్చడం చూశాం. రసాయనం బాక్టీరియాని మార్చడం రెండో వైపు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కిరణ్ పాటిల్ నడిపే ప్రయోగశాల ఈ మధ్య పెద్ద పని చేసింది. పురుగుమందులు, శిలీంధ్రనాశకాలు, ప్లాస్టిక్‌లో కలిపేవి, మంటలంటుకోకుండా వాడేవి, ఇలా 1,076 రసాయనాలు తీసుకుంది. ఆరోగ్యవంతుల పేగుల్లో ఉండే 22 రకాల బాక్టీరియా మీద ఒక్కొక్కటీ వేసి చూసింది. 168 రసాయనాలు వాటి పెరుగుదలను ఆపాయి. వీటిలో చాలావాటికి బాక్టీరియాని ఆపే గుణముందని అంతకుముందు ఎవరికీ తెలియదు. పురుగుని చంపడానికి చేసింది పురుగునే చంపుతుంది, తెగులుకి చేసింది తెగులునే ఆపుతుంది అని ఇన్నాళ్లూ నమ్మాం. 2025 నవంబరులో ఫలితాలు వచ్చాయి.

అది ప్రయోగశాలలో, గాజు గిన్నెల్లో చేసిన పరీక్ష. మన భోజనంలోంచి ఆ రసాయనం ఎంత పేగు దాకా చేరుతుందో అది చెప్పదు. కానీ అందులో ఇంకో మాట ఉంది, నన్నడిగితే అసలు హెచ్చరిక అదే. కొన్ని బాక్టీరియాలు ఆ రసాయనాన్ని తట్టుకోవడం నేర్చుకుంటూ, దాంతో పాటే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్‌ని తట్టుకోవడం కూడా నేర్చుకున్నాయి.

సిప్రోఫ్లాక్సాసిన్ పేరు వినగానే మనవాళ్లకి పటాన్‌చెరు గుర్తురావాలి. 2007లో స్వీడన్‌కి చెందిన యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించింది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు అక్కడికి చేరేది. శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది చాలా ఎక్కువ. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కణ్ణుంచి గోదావరిలోకి పోయేది. పశువులు తాగే నీళ్లవి, పొలాలకి పారే నీళ్లవి. మందు వేసుకోని మనిషి చుట్టూ మందు.

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో మందుల ఫ్యాక్టరీల మురుగులో ఏ యాంటీబయోటిక్ ఎంతకు మించకూడదో అంకెలతో సహా ముసాయిదా తెచ్చింది. ప్రపంచంలో ఏ దేశమూ అంత పని చేయలేదని మెచ్చుకున్నవాళ్లున్నారు. 2021లో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ అంకెలు అందులో లేవు.

యాంటీబయోటిక్ కొంచెమే కదా, చంపేటంత లేదు కదా అనే వాదన ఒకటుంది. ఈ వాదనకి జవాబు దొరికిన చోట మన మనిషి ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు. 1948లో అది ప్రజల్లోకి వచ్చింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత అక్కడే స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అనే ఇద్దరు ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోళ్ల దాణాలో కలిపితే కోళ్లు తొందరగా బరువెక్కడం గమనించారు. పిప్పిలో మిగిలిన యాంటీబయోటిక్ కొంచెమే. కోడిపిల్ల పేగులకి ఆ కొంచెమే చాలింది. దాన్ని పట్టుకుని ప్రపంచమంతా కోళ్ల పరిశ్రమ దశాబ్దాల పాటు దాణాలో యాంటీబయోటిక్ కలిపింది. ప్రాణాలు కాపాడడానికి పుట్టిన మందుకి ఆ గతి పడుతుందని సుబ్బారావు గారు ఊహించి ఉండరు. మన దేశంలో కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ని దాణాలో కలపడం ఆపింది 2019లో.

కలుపుమందు గ్లైఫోసేట్ గురించి కూడా శ్రోతలు వినే ఉంటారు. మనుషులకి ప్రమాదం లేదనడానికి దాన్ని తయారుచేసే కంపెనీ చెప్పే కారణం నిజానికి బలమైనదే. ఆ మందు దెబ్బతీసేది కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసే జీవక్రియని. అది మొక్కల్లో ఉంది, మన ఒంట్లో లేదు. కానీ బాక్టీరియాలో ఉంది. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు జన్యువుల్ని బట్టి లెక్కగట్టి, మన పేగుల్లో సాధారణంగా ఉండే రకాల్లో 54 శాతం ఈ మందుకి లొంగే అవకాశముందన్నారు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం 2018లో తేనెటీగల మీద చూస్తే వాటి పేగు బాక్టీరియా నిజంగానే దెబ్బతిని, అవి జబ్బులకు తేలిగ్గా లొంగాయి. మనుషుల విషయంలో వాదన తెగలేదు. తిండిలోని అమైనో ఆమ్లాలు పేగులో సిద్ధంగా దొరుకుతాయి కాబట్టి బాక్టీరియాకి లోటు రాదనేవాళ్లూ శాస్త్రవేత్తలే. నాకైతే మోనోక్రోటోఫాస్ మీద ఉన్నంత గట్టి సాక్ష్యం గ్లైఫోసేట్ మీద కనబడలేదు. రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ప్లాస్టిక్ రేణువుల సంగతీ అంతే. 2018లో వియన్నా వైద్యులు ఎనిమిది దేశాల నుంచి ఒక్కొక్కరి చొప్పున ఎనిమిది మంది మలం పరీక్షించారు. ఎనిమిది మందిలోనూ ప్లాస్టిక్ ఉంది. పేగుల్లోకి చేరుతోందని రుజువైంది, అక్కడ ఏం చేస్తోందో తేలాలి. దుమ్ము కూడా ఇంతే. పీల్చిన దుమ్ములో చాలా భాగం శ్వాసనాళం తెమడలో చిక్కుకుని గొంతులోకి వచ్చి, మనకు తెలియకుండానే కడుపులోకి దిగుతుంది. ఊపిరితిత్తులది వేరే ఖాతా, పేగులది వేరే ఖాతా అనుకోవడానికి లేదు.

మరి ఇవన్నీ తెలిసినా లెక్కల్లోకి ఎందుకు రాలేదు? చేయడం చేతగాక మాత్రం కాదు. పశువులకిచ్చే యాంటీబయోటిక్ పాలలో, మాంసంలో ఎంత మిగలొచ్చో నిర్ణయించేటప్పుడు, ఆ శేషం మనిషి పేగు బాక్టీరియాని ఏం చేస్తుందో చూడాలని అంతర్జాతీయ నియమం ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ పరీక్ష చేస్తున్నారు. అదే పళ్లెంలోకి కూరగాయ మీద వచ్చే పురుగుమందుకి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. పాలలో వస్తే చూస్తాం, వంకాయలో వస్తే చూడం అన్నట్టుంది. ఇందులో శాస్త్రం లేదు, అలవాటు ఉంది. కొత్త మందుకి అనుమతి అడిగే కంపెనీ చేత పేగు బాక్టీరియా పరీక్ష చేయించడం, పాత మందుల్ని కనీసం ఎరుపు త్రికోణం వాటినైనా మళ్లీ పరీక్షకి పెట్టడం ప్రభుత్వం చేయాల్సిన పని. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడొద్దని 2005లోనే అన్నారు. 36 శాతం ద్రావణాన్ని పూర్తిగా నిషేధిస్తూ 2023లో ఉత్తర్వు వచ్చింది. కానీ దాని కుటుంబం దుకాణంలోనే ఉంది. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ ఆ కుటుంబంలోవే.

ఈలోపు పేగులు బాగుచేస్తామంటూ సీసాలూ పొడులూ అమ్మేవాళ్లు బయలుదేరారు. విషాలన్నీ కడిగేస్తామంటారు. పురుగుమందు తగిలిన పేగును బాగుచేస్తుందని మనుషుల మీద రుజువైన సీసా ఒక్కటీ లేదు. ఆ డబ్బుతో జొన్నలు, రాగులు, చిక్కుళ్లు, ఆకుకూరలు కొనుక్కోండి. కూరగాయలు పారే నీళ్లలో రుద్ది కడగండి. పైపైన అంటిన మందు చాలావరకు పోతుంది, కాయ లోపలికి పీల్చుకున్నది పోదు. జ్వరం వచ్చిందని మందుల షాపులో అడిగి యాంటీబయోటిక్ వేసుకోకండి. పేగుల్లోని కాపలావాళ్లని మీ చేత్తో మీరే పంపించేసుకున్నట్టవుతుంది.

చివరిగా ఒక మాట, మందు కొట్టే పనికి వెళ్లే అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి. మందు కలిపేటప్పుడు చేతులకి రబ్బరు గ్లౌజులు వేసుకోండి. సద్ది విప్పే ముందు, బీడీ ముట్టించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్ష ఉచితంగా చేస్తారు. ఏడాదికోసారి చేయించుకోండి. లావు లేను కదా, కష్టం చేస్తున్నాను కదా అని వదిలేయకండి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఆయన అడగకపోయినా, ఏ మందు కొడుతున్నారో, ఎన్నేళ్లుగా కొడుతున్నారో మీరే చెప్పండి. వీలైతే ఖాళీ సీసా మీదున్న పేరు కాగితం మీద రాయించుకుని వెళ్లండి.